నోట్లో అక్షింతలు

నేను ఒక ఇంజన్ని. లారీదాన్ని కాదు, పంపుసెట్టుదాన్నీ కాదు, స్పోర్ట్స్ కారు ఇంజన్ని. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, ఇప్పుడు నన్ను చూసి ఎవరూ కనిపెట్టలేరు.

పుట్టింది ఇంగ్లండులో. ఊపిరి బాగా ఆడాలని నాకు నాలుగు నోళ్లు పెట్టారు. బాకాల్లా ఎప్పుడూ తెరుచుకునే ఉంటాయి. గాలితో పందెం వెయ్యడానికి పుట్టిన నన్ను గోదావరి జిల్లా జమీందారొకాయన ఓడలో తెప్పించుకుని, జీవితాంతం గడ్డిబళ్ల వెనక నడిపించాడు. ఆయన హారను కొట్టేవాడు, ఎద్దులు వినేవి కావు. ఆయన పోయాక కారు తుప్పు పట్టింది. వారసులు నన్ను ఊడదీసి పాలిటెక్నిక్‌కు దానమిచ్చి, పక్కన నిలబడి ఫోటో దిగారు.

అక్కడ నన్ను ఇనుప స్టాండు మీద ఎక్కించారు. నాతో పాఠం చెబుతారనుకున్నాను. వాళ్లు చేసింది ఆయుధపూజ. ప్రతి దసరాకూ ప్రిన్సిపాల్ పేరిశాస్త్రి గారు స్వయంగా వచ్చి, పసుపు రాసి, బొట్టు పెట్టి, తెరిచి ఉన్న నా నోళ్లలో చామంతులూ అక్షింతలూ వేసేవారు. నోరు తెరిచినవాళ్లకు పెట్టడం మన మర్యాద కదా. ఉమ్మేద్దామంటే నన్ను స్టార్టు చేసే నాథుడు లేడు.

ఒక ఏడాది ఆయనకు ఆలోచన వచ్చింది.

“దీన్ని నిలువునా కోయించి రంగులేయిద్దామమ్మా. లోపలంతా పిల్లలకి కనిపిస్తుంది,” అన్నారు లెక్చరర్ సుహాసినితో.

“నడిచేదాన్ని కోస్తారా సార్?”

“నడవట్లేదుగా! శనివారం కోతమిషనువాడొస్తాడు. ఈలోగా నడిపించు, వదిలేస్తాను.”

నాకు భయం వేసింది. ఇనుముకు భయమేమిటని నవ్వకండి. మిమ్మల్ని నిలువునా కోసి, ఊపిరితిత్తులకు ఎర్రరంగూ పొట్టకు పచ్చరంగూ వేస్తామంటే తెలుస్తుంది.

సుహాసిని తన క్లాసు ఆడపిల్లల్ని నా చుట్టూ చేర్చింది. పీల్చడం, నొక్కడం, పేలడం, ఊదడం, నా బతుకంతా ఇంతేనని చెప్పేసింది. జమీందారుకు చచ్చేదాకా బోధపడనిది ఈ పిల్లలకు ఒక్క పూటలో తెలిసిపోయింది. స్పార్కు వస్తోంది, పెట్రోలు అందుతోంది. అయినా నేను మూలుగుతున్నానే తప్ప లేవడం లేదు.

వీరవేణి అనే అమ్మాయి నా నోట్లోకి టార్చి వేసి చూసింది.

“మేడమ్, ముందు పీలుస్తాదన్నారు కదండీ. నోటినిండా పూలెట్టుకుని ఏం పీలుస్తాదండీ?”

గంపెడు ఎండుపూలు తీసేసరికి శుక్రవారం చీకటి పడింది. ఆ రోజే నాకు మళ్లీ గాలి తగిలింది.

శనివారం కోతమిషనువాడు వచ్చి బ్లేడు బిగించుకుంటున్నాడు. ప్రిన్సిపాల్ గారు వంగి, తన పూలేమయ్యాయా అని నా నోళ్లలోకి చూస్తున్నారు.

“సార్, పక్కకి రండి. లోపల ఇంకా గింజలున్నాయేమో!” అంది సుహాసిని.

“దేవుడి అక్షింతలమ్మా. ఏం చేస్తాయి?”

వీరవేణి తాళం తిప్పింది. లోపల పేలేటప్పుడు, పీల్చే తలుపు గట్టిగా మూసుకుని ఉండాలి. ఆ తలుపు సందులో ఒక బియ్యపుగింజ ఇరుక్కుంది. పేలుడు వచ్చిన దారినే వెనక్కి తన్నింది. ఢాం! ఇన్నేళ్ల అక్షింతలూ ప్రిన్సిపాల్ గారి నెత్తిన పడ్డాయి. ఆయన నిండు నూరేళ్లూ బతకాలని కోరుకుంటూనే దగ్గాను, ఒట్టు.

గొంతులో అడ్డం పోయేసరికి నడిచాను. కిటికీ అద్దాలు అదిరేలా అరిచాను. ముందు గడ్డిబండి లేకుండా అరవడం నా జన్మలో అదే మొదలు. సంతోషంతో పిచ్చెక్కిపోయింది.

“పీల్చే తలుపండీ సార్. మూసుకోలేదండీ,” అని ఇంజన్ హోరులో కేకేసి చెప్పింది వీరవేణి.

“తెలిసిందమ్మా,” అన్నారాయన మసి మొహంతో, మీసాల్లోంచి బియ్యం దులుపుకుంటూ. తరువాత కోతమిషనువాడి వైపు చెయ్యి ఊపి, వెళ్లిపొమ్మన్నారు.

మరుసటి దసరాకు పిల్లలు నా నోళ్లకు గుడ్డలు కట్టి ఉంచారు. ప్రిన్సిపాల్ గారు పళ్లెంతో వచ్చి, నన్ను దూరం నుంచే చూసి, అక్షింతలు లేతుమిషను మీద వేసి వెళ్లిపోయారు.

ఆయన వచ్చే నెల రిటైరవుతున్నారు. కొత్త ప్రిన్సిపాల్ గారికి కోతల సరదా ఉందో లేదో తెలియదు. ఎందుకైనా మంచిదని, నా లోపల ఒక మూల మిగిలిపోయిన గింజను జాగ్రత్తగా దాచుకున్నాను.