కూర్చోమన్నదాకా

ప్రమీలారాణికి మామగారి మీద ఉన్న ఫిర్యాదులన్నీ ఎక్కడికైనా రాసి పంపుకుందామంటే, ఆ కాగితం కూడా ఆయన కంటబడి ఎర్రసిరా దిద్దుబాట్లతో తిరిగొస్తుందన్న భయం ఒకటి ఉండేది. దశరథరామయ్య గారు ఆ చుట్టుపక్కల బళ్ళలో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి, హెడ్మాష్టరుగా రిటైరై, తిరువూరులో సొంతిల్లు కట్టుకున్న మనిషి. ఆయన రిటైరయ్యారు గానీ ఎర్రసిరా రిటైరవలేదు. పెనుగొలను నుంచి దూరపు చుట్టం ఒకాయన ఇంగ్లీషులో అచ్చేయించిన శుభలేఖ తెచ్చి ఇస్తే, మంచం మీద కూర్చుని దిద్ది, కింద నూటికి నలభై రెండు మార్కులు వేసి, ఆయన చేతికే తిరిగిచ్చారు. ఆ పెళ్ళిలో వీళ్ళ బంతికి రెండోసారి నెయ్యి రాలేదు. అత్తగారు నాగేశ్వరమ్మ ఆ నెయ్యిని ఇప్పటికీ మరిచిపోలేదు. ఇంకోసారి విస్సన్నపేట బస్సు బోర్డు మీద ఇంగ్లీషు అక్షరం తిరగబడిందని డ్రైవరుని కిందికి దింపారు. ఆలస్యమైపోతోందని లోపలున్నవాళ్ళు తిడితే, ఆ తిట్లలో కూడా ఇంగ్లీషు సరిగా లేదన్నారు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఆయన ఏనాడూ బెత్తం పట్టలేదు. ఆయన పద్ధతి వేరు. తప్పు చెప్పిన పిల్లవాడు లేచి నిలబడాలి, నోరు మూసుకోవాలి. సరైన వాక్యాన్ని లోపలే కట్టుకుని, పూర్తిగా కుదిరాకే పైకి చెప్పాలి. చెబితే ఆయన ‘సిట్ డౌన్’ అంటారు. అప్పుడు కూర్చోవచ్చు. చెప్పలేనివాడు గంట కొట్టేదాకా నిలబడే ఉంటాడు. కొట్టకుండా, తిట్టకుండా ఇంగ్లీషు నేర్పిన మాష్టారని ఊళ్ళో అందరూ చెప్పుకునేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన కండువా సర్దుకునేవారు.

ఆ పద్ధతి రుచి ప్రమీలారాణికీ తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో, కోడలు బి.ఏ. చదివిందన్న సంబరంతో ఆయన పేపరు చేతికిచ్చి, అందులో సంగతి ఇంగ్లీషులో చెప్పమన్నారు. రెండో వాక్యంలో ఎక్కడో తడబడింది. ఆయన ఎంతో మృదువుగా, “లేచి నిలబడమ్మాయ్,” అన్నారు. పట్టుచీర, చేతుల నిండా గాజులు, స్తంభం పక్కన నిలబడింది. అటూ ఇటూ తిరుగుతున్న చుట్టాలు చూసి నవ్వుకున్నారు. పాలు పొంగుతున్నాయని వంక పెట్టి అత్తగారే ఆమెను లోపలికి లాక్కుపోయింది. పొయ్యి మీద పాలు లేవు. ఆ రోజు నుంచి ప్రమీలారాణి ఆ ఇంట్లో ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. కోడలికి డిగ్రీ ఉంది గానీ భాష రాదని మామగారు నిర్ణయించుకున్నారు. ఆమె కూడా కాదనలేదు. కాదనాలంటే ఇంగ్లీషులోనే అనాలి కదా.

డెబ్బై నాలుగులో, దసరా వెళ్ళాక, మిషన్ వాళ్ళ పురుళ్ళ ఆస్పత్రికి స్పెయిన్ నుంచి ఒక సిస్టరు వచ్చింది. పేరు పిలార్. ఊళ్ళో అందరికీ పిలారమ్మ. కాన్పు చేయడంలో మంచి చెయ్యి. వచ్చిన కొద్ది రోజులకే అడ్డం తిరిగిన బిడ్డను క్షేమంగా బయటికి తీసిందని చెప్పుకున్నారు. ఆమెకు వచ్చిన తెలుగు మాత్రం ఆ పురిటిగదిలో నేర్చుకున్నదే. బజారులో వంకాయలు తూయించుకుంటూ కూడా, “ఇంకొంచెం, ఇంకొంచెం తల్లీ, భయం లేదు, అయిపోయింది,” అనేది. కూరగాయల మనిషి నవ్వాపుకోలేక నాలుగు కాయలు ఎక్కువేసేవాడు.

ఒక సాయంత్రం మిషన్ ఫాదర్ గారు ఇంటికొచ్చి మామగారిని సాయం అడిగారు. ఫిబ్రవరిలో మద్రాసు నుంచి సిస్టర్ల మఠం పెద్దలు వస్తారు, వాళ్ళతో ఒక డాక్టరమ్మ కూడా వస్తుంది. కాన్పు కష్టమైతే బెజవాడ డాక్టర్లకు సంగతంతా ఇంగ్లీషులో చెప్పాలి. ఆ మాత్రం చెప్పగలదని తేలితే సిస్టరు ఇక్కడే ఉంటుంది, లేకపోతే వాళ్ళ దేశం పంపించేస్తారు. మామగారు కండువా సర్దుకుని, రేపే పంపండి అన్నారు.

ఈ సంగతి అందరికంటే ఎక్కువగా పట్టింది జోజమ్మకి. వీళ్ళ మిరపచేలో కూలికి వచ్చే మనిషి. కూతురు అంతోనమ్మ మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, అప్పటికి ఈ సిస్టరు లేదు. ఇప్పుడు మళ్ళీ నీళ్ళోసుకుంది. జోజమ్మ పనికొచ్చినప్పుడల్లా, “అయ్యగారూ, మా పిలారమ్మకి ఎంతదాకా వచ్చింది?” అని కుండలో అన్నం ఉడికిందా అన్నట్టు అడిగేది.

పాఠం వీధి వసారాలో జరిగేది. మామగారు పడకకుర్చీలో, సిస్టరు బల్ల మీద. ప్రమీలారాణి లోపల బియ్యం ఏరుతూ వినేది. స్పెయిన్ వాళ్ళ భాషలో ‘నేను’ అని విడిగా చెప్పనక్కర్లేదట, క్రియలోనే అది తెలిసిపోతుందట. అందుకని సిస్టరు ‘నేను’ మింగేసి, ‘యామ్ టయర్డ్’ అనేది. ఎవరు అలసిపోయారో చెప్పాలని ఆయన నిలబెట్టేవారు. మనమూ ‘వస్తా’ అనే కదా అంటాం, ఎవరొస్తారని ఎవరూ అడగరే అని ప్రమీలారాణి బియ్యంతో చెప్పుకునేది. వాన పడుతోందనడానికి ముందు ఆ ‘ఇట్’ ఎందుకని సిస్టరు ఒకరోజు అడిగింది. వాన కురిపించే ఆ ‘ఇట్’ ఎవరు? అలా అడగకూడదన్నారు మామగారు. ఏ పనీ చెయ్యకపోయినా శుభలేఖలో పేరు ముందుండాల్సిన ఇంటి పెద్దాయన లాంటిదని ప్రమీలారాణికి అర్థమైంది గానీ, ఆ పోలిక వసారాలోకి వెళ్ళి చెప్పేది కాదు.

సిస్టరు రోజూ నిలబడేది. మొదట్లో నవ్వుతూ నిలబడేది. రెండు చేతులూ పక్కన పెట్టుకుని, పెదవులు బిగించి, లోపల మాటలు పేర్చుకుంటూ. పోను పోను, తప్పు దొర్లిందని తనకే తెలిసిపోయి, ఆయన చెప్పకముందే లేచేది. మామగారికి అది గొప్పగా ఉండేది. “చూశావటే, మన పిల్లలు పదేళ్ళకి నేర్చుకోనిది ఈవిడ రెండు నెలల్లో పట్టింది,” అని భార్యతో అనేవారు. ఏం పట్టిందని నాగేశ్వరమ్మ అడిగితే, తన తప్పు తాను తెలుసుకోవడం అన్నారు. ఆ విద్య మీకెప్పుడొస్తుందని ఆవిడ అడగలేదు, మనసులో అనుకుని ఊరుకుంది. ఆవిడ ముఖం చూస్తే కోడలికి ఆ సంగతి తెలిసిపోయింది.

పాఠం అయ్యాక సిస్టరు పెరట్లోకి వచ్చేది, మజ్జిగ కోసం. అక్కడ మెట్టు మీద కూర్చుని ప్రమీలారాణితో మాట్లాడేది. ఇంగ్లీషే. సిస్టరు మూడు తప్పులు చేస్తే ఈమె రెండు చేసేది, ఎవరూ లేచేవాళ్ళు కాదు. సిస్టరు వాళ్ళమ్మ ఆలివ్ చెట్ల కింద దుప్పట్లు పరిచి కర్రతో కొమ్మలు దులిపేదట. మా మామిడికాయల్ని అలా దులిపితే కొనేవాడుండడని ఈమె చెప్పింది. అల్లం వేసిన మజ్జిగ తాగి సిస్టరు కళ్ళు తుడుచుకుంటూ ‘ఈజ్ ఫైర్, ఈజ్ గుడ్’ అంది. అంతోనమ్మ గురించి కూడా అక్కడే చెప్పింది, మొదటిసారి ఏమై ఉంటుందో, ఈసారి ఏం చూసుకోవాలో. వాక్యాలు విరిగిపోయి ఉన్నాయి. అయినా ప్రమీలారాణికి ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోలేదు. కాలేజీ వదిలాక ఆమె అంత మాట్లాడింది ఆ పెరటి మెట్టు మీదే.

సంక్రాంతి ముందు ఒకరోజు, చెంబు కోసం పెరటివైపు వచ్చిన మామగారు తలుపు దగ్గరే ఆగి విన్నారు. అరవలేదు. సిస్టరు వెళ్ళేదాకా ఆగి, కోడలిని పిలిచారు.

“నువ్వు పోటీ పెట్టుకుని మరీ తప్పులు నేర్పుతున్నావమ్మాయ్. వంకర ఇటుక మీద ఇంకో ఇటుక పెడితే గోడంతా కూల్చుకోవాలి. మద్రాసు వాళ్ళొచ్చి వెళ్ళేదాకా ఆవిడతో ఇంగ్లీషు మాట్లాడకు.”

“అలాగే మావయ్యా.”

ఆ మాట ఎంత సులువుగా వచ్చేసిందో తర్వాత తలుచుకుని ఆశ్చర్యపోయేది. మర్నాటి నుంచి మజ్జిగ గ్లాసు చేతికిచ్చి ఊరుకునేది. సిస్టరు మొదట్లో ఆమె ముఖంలోకి చూసేది, తర్వాత చూడటం మానేసింది. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయేది.

ఫిబ్రవరిలో వాళ్ళు రానే వచ్చారు. ఆస్పత్రి వరండాలో కుర్చీలు వేశారు. మద్రాసు మఠానికి పెద్ద మదర్ గారు, పక్కన నెరిసిన జుట్టు డాక్టరమ్మ. గురువుగారిగా మామగారిని ముందు వరసలో కూర్చోబెట్టారు, తెల్ల పంచె, నల్ల కోటు. అత్తగారు పంపిన జంతికల డబ్బాతో ప్రమీలారాణి వెనక నిలబడింది. గుమ్మం పక్కన జోజమ్మ, ఆమె వెనక కడుపుతో ఉన్న అంతోనమ్మ.

డాక్టరమ్మ మంచిదే. నిదానంగా అడిగింది. కాన్పయిన మనిషికి రక్తం ఆగడం లేదు, బెజవాడలో డాక్టరు ఫోను ఎత్తాడు, ఏం చెబుతావు? సిస్టరు ముఖం వెలిగింది. ఆమెకు తెలుసు. ‘డాక్టర్, ద వుమన్’ అని మొదలుపెట్టి, ఆ తర్వాతి మాట దగ్గర ఆగింది. తప్పు దొర్లింది. ఎవరూ ఏమీ అనకముందే లేచి నిలబడింది.

చేతులు పక్కన. పెదవులు బిగించి. కళ్ళు మామగారి వైపు.

డాక్టరమ్మ ఆగింది. పర్వాలేదు, చెప్పమంది. సిస్టరు కదల్లేదు. రక్తం పోతున్న మనిషి అక్కడే ఉన్నా సరే, ఫోను అవతల డాక్టరు ఎదురుచూస్తున్నా సరే, వాక్యం కుదరందే నోరు తెరవకూడదు. ప్రమీలారాణి వెనక నుంచి చూస్తోంది. మామగారి పెదవులు నెమ్మదిగా కదులుతున్నాయి, సరైన వాక్యాన్ని ఆమెకు లోపలే అందిస్తున్నట్టు. ఆయన ముఖంలో భయం లేదు. తన శిష్యురాలు దిద్దుకుంటుందన్న నమ్మకం ఉంది, గర్వం ఉంది. ‘మాట్లాడు సిస్టర్, తప్పయినా మాట్లాడు’ అన్న మాట ప్రమీలారాణి గొంతులోకి వచ్చింది. డబ్బా మూత గట్టిగా పట్టుకుంది.

మదర్ గారు, డాక్టరమ్మ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంకో ప్రశ్న అడిగారు. సిస్టరు ఇంకా మొదటి వాక్యంలోనే ఉంది. ఇక చాలు అన్నట్టు మదర్ గారు మెల్లగా థాంక్స్ చెప్పి లేచారు. కుర్చీలన్నీ ఖాళీ అయ్యేదాకా సిస్టరు నిలబడే ఉంది.

పది రోజుల్లో పంపించేస్తారని ఫాదర్ గారు వచ్చి చెప్పారు. మామగారు ఒప్పుకోలేదు. ఇంకొక్క నిమిషం ఆగితే చెప్పేసేదేనని, వాక్యం తయారైపోయిందని, తాను ముఖం చూసి చెప్పగలనని, ఈ మద్రాసు వాళ్ళకి ఓర్పు లేదని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో వాదించారు. వినేవాళ్ళు తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. నాగేశ్వరమ్మ వడ్డించి పక్కకెళ్ళిపోయేది.

అన్నది జోజమ్మ. కూలి డబ్బుల కోసం వచ్చి, తీసుకుని, వెళ్ళబోతూ మెట్టు మీద ఆగింది. గొంతు పెంచలేదు.

“అయ్యగారూ, ఆ తల్లి మీ వంకే చూస్తా నిలబడిందండి. కూర్చోమని ఒక్క మాట అంటే పోయేదిగా.”

ఆయన జవాబు కోసం ఆగకుండా మెట్టు దిగిపోయింది. ఆ రోజు పేపరు మడత విప్పకుండా అలాగే ఉండిపోయింది. మర్నాడూ అంతే. ఎర్రసిరా బుడ్డి మూత ఎండి బిగుసుకుపోయింది.

బెజవాడ బస్సు పొద్దున్నే. బస్టాండులో సిస్టరు రేకుపెట్టె పైకెక్కించారు. మిషన్ గుడికి పోయే ఆడవాళ్ళంతా చుట్టూ ఉన్నారు. అంతోనమ్మ ఏడుస్తుంటే సిస్టరు ఆమె పొట్ట మీద చెయ్యి వేసి, తనకొచ్చిన తెలుగంతా చెప్పింది. భయం లేదు తల్లీ, ఇంకొంచెం, ఇంకొంచెం. అక్కడున్నవాళ్ళెవరూ నవ్వలేదు. ప్రమీలారాణి మజ్జిగ సీసా అందించింది. అల్లం ఎక్కువ వేశానని ఇంగ్లీషులో చెప్పింది. చెప్పాక చూసుకుంటే, వెనక గొడుగు పట్టుకుని మామగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు.

సిస్టరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. కిందున్న ఆయన్ని చూసింది. చూడగానే లేచి నిలబడింది, అలవాటుగా. తల పైన కమ్మీకి తగులుతోంది. చేతులు పక్కన పెట్టుకుని, ఆ కిటికీలోంచి, మెల్లగా, ఒక్కో మాటే చెప్పింది. కాన్పయిన మనిషికి రక్తం చాలా పోయింది డాక్టరు గారూ, ఇంకా ఆగడం లేదు, దయచేసి వెంటనే జీపు పంపండి. ఇంగ్లీషులో, ఎక్కడా తడబడకుండా.

చెప్పి, నిలబడే ఉంది. కూర్చోమ్మా, బస్సు కదులుతుంది అని కండక్టరు రెండుసార్లు అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

“సిట్ డౌన్, సిస్టర్,” అన్నారు దశరథరామయ్య గారు.

ఆమె కూర్చుంది. బస్సు కదిలింది. దుమ్ము సర్దుకునేదాకా ఆయన గొడుగు తెరవలేదు, కండువా సర్దుకోలేదు. ఆడవాళ్ళంతా ఆయనకు దారిచ్చి పక్కకు జరిగారు. ఆయన వెళ్ళలేదు. కోడలి వైపు తిరిగి, జోజమ్మకీ అంతోనమ్మకీ అందరికీ వినబడేలా అన్నారు.

“ఆవిణ్ణి మాట్లాడనివ్వాల్సింది అమ్మాయ్. నిన్ను కూడా మాట్లాడనివ్వాల్సింది. తప్పు నాదే.”