నిలిచింది

నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల విడిచే క్షణం అంటూ ఒకటి కుక్క పరుగులో ఉంటుందా ఉండదా, ఉండదంటాడు మొగుడు చంద్రమౌళి, ఒక్క కాలైనా నేల మీద ఆనకపోతే అది బొక్కబోర్లా పడదా అని పొద్దున చద్దన్నం ముందు కూర్చుని బడిలో పిల్లలకు లెక్క చెప్పినట్టే చెప్పాడు, ఉంటుంది, నా కళ్ళతో నేను చూశానని ఆమె, నువ్వు చూసింది కుక్కను కాదు, నీ సంబరాన్ని అని ఆయన, సంబరానికి నాలుగు కాళ్ళుంటాయా ఏమిటి అనుకుంటూ అహల్య దొండకాయలు తరుగుతూ తనలో తను నవ్వుకుంటోంది, సరిగ్గా అప్పుడే వాకిట్లో కోదాడ బస్సు హారను మోగింది, సూర్యాపేటలో ఇంకెవరి గుమ్మం ముందూ ఆగని బస్సు ఈ ఇంటి ముందే ఎందుకు ఆగిందో ఆమెకు తెలుసు, కత్తిపీట మీంచి లేచి చేతులు కడుక్కునే లోపే డ్రైవరు ముత్తయ్య కేక, ఓ నర్సమ్మక్కా, నీ కోడలికి జెప్పు, బస్టాండు కాడి మందుల దుకాణం జైరాం సారు చెప్పమన్నడు, నిలిచిందట, మంచిగ నిలిచిందట, గీ కవరు గూడ ఇయ్యమన్నడు, ఇగ నేను వోతున్న, బండ్ల జనం లొల్లి జేస్తున్నరు.

నిలిచింది, నిలిచింది, అహల్యకు రెండు చేతులూ రెండు పిట్టలై ఎగిరిపోతాయేమో అనిపించింది, ఎనిమిది బొమ్మల రీల్లో ఒక్కటైనా నిలిస్తే చాలునని నాలుగు రోజులుగా మొక్కని దేవుడు లేడు, కాని వంటింటి గడప దాటేసరికే అత్తగారు లక్ష్మీనర్సమ్మ ఎదురొచ్చింది, కవరు రొండిన దోపుకుని, చేతిలో చక్కెర డబ్బాతో, కంట్రోలు దుకాణం ముందు ఎండలో నిలబడి తెచ్చుకున్న చక్కెర, ఇంటి అల్లుడొచ్చినా మూత తీయని డబ్బా, దాని మూత తీసి పిడికెడు పట్టి, నా బంగారు తల్లీ, నిలిచిందట, నాకెందుకు చెప్పలే, నేనేమన్న పరాయిదాన్నా, బస్సుల కక్కుకున్నదని ముత్తయ్య జెప్పిననాడే అనుకున్న, మందుల దుకాణం చుట్టు తిరుగుతున్నదంటేనే అనుకున్న, తెరువు నోరు, అని చక్కెరంతా ఒక్కసారే నోట్లో పోసేసింది, అయ్యో అత్తయ్యా అనబోతే ష్, నోట్ల తీపి వెట్టుకొని కాదు, లేదు అనొద్దు, అన్నది కరిగిపోతది అని వేలు అడ్డం పెట్టింది.

బస్సులో కక్కుకున్నది పుట్టింటి జామకాయలూ పెట్రోలు వాసనా కలిసి, మందుల దుకాణం చుట్టూ తిరిగింది దాని వెనక చీకటి గదిలో జైరాం ఫొటోలు కడుగుతాడు కాబట్టి, ఫొటోవాళ్ళ భాషలో బొమ్మ స్పష్టంగా పడితే నిలిచింది, అలుక్కుపోతే కదిలింది, ఉన్నవి రెండే మాటలు, ఈ రెండు మాటలు ఆడవాళ్ళ కడుపు మీద కూడా వాడతారని జైరాంకు ఎందుకు తట్టలేదు, పోనీ తనకెందుకు తట్టలేదు, గుంటూరులో బి.ఏ. చదివి ఏం లాభం, నోటి నిండా చక్కెర, కళ్ళ నిండా నవ్వు, మింగితే గొంతు పట్టేట్టుంది, ఉమ్మితే అపచారం, నెమ్మదిగా కరగాలి, కరిగేదాకా తను ఈ ఇంటి వంశాంకురాన్ని మోస్తున్న కోడలు, తమాషాగా ఉంది, అత్తగారి కళ్ళలో నీళ్ళు చూసేదాకా తమాషాగానే ఉంది.

కూసో, కదలకు అంది లక్ష్మీనర్సమ్మ, పీట వేసి, భుజాలు పట్టి కూర్చోబెట్టి, కదలకు, ఈ మాట తను ఎక్కడ విన్నది, ఎక్కడ వినలేదు గనుక, పెళ్ళిలో కోదాడ పందిట్లో ఫొటోగ్రాఫరు నల్లగుడ్డ కింద దూరి అమ్మాయ్ కదలొద్దు అన్నాడు, తలొంచుకో, కళ్ళార్పకు, అంతలో ఎవరిదో బక్క కుక్క అరిటాకు ఒకటి నోట కరుచుకుని పురోహితుడి కాళ్ళ సందున దూరిపోయింది, అహల్య పకపక నవ్వింది, ఆ బొమ్మలో అందరూ స్పష్టంగా ఉన్నారు, పెళ్ళికొడుకు బాసికంలో పూసలు కూడా లెక్కపెట్టవచ్చు, పెళ్ళికూతురి మొహం ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి పొగ, అదే బొమ్మ అదిగో ఆ గోడ మీద, వచ్చినవాళ్ళందరికీ అత్తగారు చూపించి మా కోడలు గా పొగల ఉన్నది అని చెబుతుంది, అదిగో ఇప్పుడు పక్కింటి గోపమ్మ రానే వచ్చింది, ఏందక్కా లొల్లి అంటూ, ఏం లేదు గోపమ్మా, పొగలకెల్లి పిల్లగాడు వస్తున్నడు, గట్లనా, నేను పోయిన వారమే అనలే, పిల్ల మొకం నిగనిగ అంటున్నదని, నువ్వు ఎండకు కమిలిందన్నవు గదనే, కమిలిన మొకం నిగనిగ అనదా ఏంది.

నిజంగానే ఎండకే కమిలింది, డాక్టరుగారి ఫాక్స్ టెర్రియర్ జిమ్మీ వెనక చింతల తోపంతా తిరిగితే కమలక ఏమవుతుంది, అన్నయ్య పెళ్ళికానుకగా ఇచ్చిన డబ్బా కెమెరా పొట్టకు ఆనించి, పైన ఉన్న బుల్లి అద్దంలోకి తలొంచి చూస్తూ, ఊపిరి బిగబట్టి, రాయిలా నిలబడి, పేరు అహల్య అయినందుకు ఆ ఒక్క పని బాగానే చేతనైంది, జిమ్మీ తన తోక తనే పట్టుకోబోయి గింగిరాలు కొట్టింది, తమ వీధి ఎర్రకుక్క మోతీ కోడిపుంజుతో దోబూచులాడింది, మొదటి రీలు కడిగి వస్తే ఎనిమిదికి ఎనిమిదీ కదిలినయ్, తెల్లటి చారలు, తల లేని తోకలు, అత్తగారు ఒక్కొక్కటే పట్టి చూసి ఇవి కుక్కలా, దయ్యాలా అహల్యా అని కడుపు పట్టుకుని నవ్వింది, నవ్వి నవ్వి ఆఖరికి ఒక తీర్పు చెప్పింది, సూడు బిడ్డా, ఇంకొక్కసారి, ఒక్కటన్న నిలిచెనా, నువ్వు, నీ కుక్కలు, నేను అడ్డం రాను, నిలువకపోయెనా, గా డబ్బా అటుక మీదికి, కొత్త కోడలు కుక్కల ఎంబడి ఉరుకుతున్నదంటే నేను బజార్ల తలెత్తి నడవద్దా.

తలెత్తి నడవడం, ఆ మాట అన్న మనిషే కుక్క మొరిగితే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది, పోయినేడు దాకా రజాకార్ల రోజుల్లో కుక్క మొరిగిందంటే ఊరంతా దీపాలు ఆర్పేవారట, చంటిపిల్లల నోళ్ళు మూసేవారట, మొరుగుడు ఏ ఇంటి ముందు ఆగుతుందోనని గోడలకు చెవులు పెట్టేవారట, ఇప్పుడు మిలటరీ లారీలు తిరుగుతున్నాయి, ఇంకా ఎవరూ గట్టిగా నవ్వడం లేదు, అందుకేనేమో తనకు కుక్కల ఆట మీద ఇంత పిచ్చి, ఎవరి కోసమూ కాక, ఎవరి మీదకూ కాక, ఊరికే ఉరికే కుక్కను చూస్తే ఊరికి జ్వరం విడిచినట్టు ఉంటుంది, ఈ సంగతి చంద్రమౌళికి చెబితే ఆయన నవ్వలేదు, రెండో రీలు తెచ్చి ఇచ్చాడు, అందుకే ఆయన మీద ఇంత ఇది.

చక్కెర సగం కరిగింది, ఇంకా సగముంది, ఆ రెండో రీలు ముచ్చట తలుచుకుంటే ఆ సగమూ కరగొద్దనిపిస్తుంది, కోదాడ నుంచి వస్తుంటే మునగాల దాటాక బస్సు పొగలు కక్కి ఆగింది, ముత్తయ్య డబ్బా పట్టుకుని నీళ్ళకని రోడ్డు పక్క గడీలోకి పోయాడు, వెనక చంద్రమౌళి, ఆయన వెనక తను, దొర పట్నం పారిపోయాడట, గడీలో మిగిలింది కావలి వెంకటేశం, బావి, గొలుసుతో గుంజకు కట్టిన ఒక అల్సేషియన్, అంత పెద్ద కుక్కను ఆమె పుస్తకాల్లో తప్ప చూడలేదు, గుంజ చుట్టూ గొలుసు పొడవున నేల గుండ్రంగా అరిగి తెల్లబడింది, పళ్ళెం బోర్లించినట్టు, అది ఆ పళ్ళెంలో తల వాల్చి పడుకుంది, అహల్య మూడు బొమ్మలు తీసింది, కదలని కుక్క, కదలని గొలుసు, తీస్తూ తీస్తూ ఉండబట్టలేక విప్పరాదూ అని వెంకటేశాన్ని అడిగింది, వెంకటేశం గతుక్కుమని దొర తిరిగొస్తే అన్నాడు, ముత్తయ్య నీళ్ళు తోడుతూ దొరనే గొలుసు తెంపుకొని ఉరికిండు, కుక్కకేం వచ్చెరా అన్నాడు, చంద్రమౌళి పోయి కొక్కెం తీశాడు, దొర పేరు విన్నాక కూడా తీశాడు, అది చూసి తనకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

కుక్క లేచింది, ఒళ్ళు దులిపింది, ఉరికింది, కాని ఎక్కడికి, గుంజ చుట్టూనే, అదే గుండ్రం, అదే అరిగిన గీత, మెడకు గొలుసు లేదు, గీత దాటదు, చుట్టూ చుట్టూ చుట్టూ, ఎవరికీ నవ్వు రాలేదు, అప్పుడు వెంకటేశం వెంట ఉండే చెవి తెగిన ఊరకుక్క, పసుపుపచ్చ బక్కది, గీత అవతల ఆగి ముందుకాళ్ళు నేలకు పరిచి నడుము పైకెత్తి దండం పెట్టినట్టు వంగింది, ఆడుకుందాం రా అనడం కుక్కల్లో అలాగే, ఒక్క అరుపు అరిచి తుర్రుమంది, దాని వెనక అల్సేషియన్ గీత మీంచి లేచింది, అహల్య ఊపిరి బిగబట్టడం మరిచిపోయింది, రాయిలా నిలబడడం మరిచిపోయింది, డబ్బా పొట్టకు అదుముకుని కుక్క ఎటు పోతే అటు తనూ గిర్రున తిరిగింది, తిరుగుతూనే మీట నొక్కింది, చీర కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుని చంద్రమౌళి మీద పడింది, ఆ బొమ్మ పోయింది, అది కదిలి ఉంటుంది, తనే కదిలింది కదా, ఇంకేం నిలుస్తుంది.

అంటే నిలిచింది ఏది, చక్కెర నోట్లో ఒక్కసారి చేదయింది, నిలిచింది ఆ పడుకున్నదే, గొలుసుతో ఉన్నదే, కదలనిదే నిలుస్తుంది కదా, జైరాం సంబరపడి ముత్తయ్యతో చెప్పి పంపింది దాని గురించే అయితే, అత్తగారితో పందెం గెలిచినట్టే కాని ఆ బొమ్మతో గెలవడమా, అయ్యో, కవరు అత్తగారి రొండిన ఉంది, మందు చీటీ అనుకుని భద్రంగా అదిమి పట్టుకుంది, ఇంతలో మధ్యాహ్నం బువ్వకు చంద్రమౌళి వచ్చాడు, సైకిలు గోడకు ఆనించక ముందే తల్లి ఎదురెళ్ళి, ఒరే, తండ్రివైతున్నవ్ రా అంది, ఆయన మొహం, అబ్బ, ఆ మొహం, అరుగు మీద ఎండ పడ్డట్టు వెలిగింది, అహల్య కాదని తల ఊపబోయింది, ఆయన అది సిగ్గు అనుకున్నాడు, దగ్గరికొచ్చి మెల్లగా, నిజమా అహల్యా, అయితే రేపు అనుకున్న మిర్యాలగూడ ప్రయాణం మానేద్దాం, ఇక నువ్వు కదలకు అన్నాడు.

నువ్వు కూడానా, కొక్కెం తీసిన చేతులతో నువ్వు కూడానా, గోపమ్మ ఎడమ వైపు, అత్తగారు కుడి వైపు, ఎదురుగా ఆయన, గోడ మీద తన తెల్లటి పొగ, ముగ్గురూ ప్రేమగానే ఉన్నారు, అదే చిక్కు, ప్రేమగా చుట్టూ గీత గీసి పీట వేసి చక్కెర పోస్తున్నారు, నేలకేసి చూసింది, ఇక్కడ నేల ఇంకా అరగలేదు, తను కొత్త కోడలు, ఇంకా టైముంది, కడుపు నిలవకపోవచ్చు, నిలవవచ్చు, నిలిచిన నాడు కూడా ఉరుకుతుంది, మిగిలిన చక్కెరను గుటుక్కున మింగింది, లేచి నిలబడింది, అత్తయ్యా, ఆ కవరు ఇటివ్వండి, నిలిచింది కడుపు కాదు, కుక్క.

ఏంది అంది లక్ష్మీనర్సమ్మ, కుక్కండీ, ఫొటోలో కుక్క, పొట్టకు ఆనించి తీసిన మాట నిజమే కాని పడింది మాత్రం డబ్బాలో, గోపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, చంద్రమౌళి మొహం మీది ఎండ పోయింది, పోయిన చోటే ఎక్కడో మూలనుంచి నవ్వు మొదలైంది, అత్తగారు మాత్రం, కుక్కకా నేను కంట్రోలు చక్కెర పోసింది, కక్కు, నా చక్కెర నాకు కక్కు అని లేచింది, లేస్తూనే కవరు తీసి విసిరినంత పని చేసింది, అహల్య దాన్ని చింపింది, ఒకటే బొమ్మ, రీలు మొత్తంలో జైరాం ఏరి పంపిన ఒక్కటి, కళ్ళు మూసుకుని తెరిచింది.

గడీ గోడ అలుక్కుపోయింది, బావి చారలైపోయింది, వెంకటేశం ఒక మసక, ముత్తయ్య చేతి డబ్బా ఒక గీత, వాటన్నిటి మధ్య అల్సేషియన్ ఒక్కటే, మీసాలతో సహా, నాలుక పక్కకు ఎగిరి, నాలుగు కాళ్ళూ నేల విడిచి, కింద దాని నీడ వేరుగా, అరిగిన గీత వెనకెక్కడో, నిలిచింది, పడుకున్నది కాదు, ఇది, చంద్రమౌళి భుజం మీంచి వంగి చూసి నాలుగూ అన్నాడు, ఓడిపోయిన లెక్కల మాస్టారి గొంతుతో, లక్ష్మీనర్సమ్మ బొమ్మను గుంజుకుంది, ఇట్ల తిప్పింది, అట్ల తిప్పింది, వెలుతురుకు పెట్టి చూసింది, ఇది గా దొర కుక్క గాదా, మేము చెప్పులు చేతులవట్టుకొని గా గడీ ముంగట పోతుంటె మీదికి దుంకేది, గదే, అంది, మళ్ళీ వెతికింది, గొలుసేది, అంది.

లేదత్తయ్యా అంది అహల్య, లేదు అనే మాట నోట్లో ఎంత తేలిగ్గా ఉందో, అప్పుడు తెలిసింది ఆమెకు, మొదటి రీలంతా రాయిలా నిలబడి తీసినప్పుడు ఉరికే కుక్క ఎందుకు నిలవలేదో, ఈ ఒక్కటి ఎందుకు నిలిచిందో, కుక్కతో పాటు తనూ కదిలింది కాబట్టి, అంతే, కదలకుండా ఉన్నవన్నీ అలుక్కుపోయాయి, గడీ గోడతో సహా, ఆ సంగతి జైరాంకు చెప్పాలి, పెళ్ళిలో నల్లగుడ్డ కింద దూరినాయనకు చెప్పాలి, ముందు వీళ్ళకు చెప్పాలి, చెంగు నడుముకు దోపుకుంది, అత్తయ్యా, ఒక్కటి నిలిస్తే అడ్డం రానన్నారు, మాట మీదే, ఏమండీ, ఆ మూడో రీలు తీసి పెట్టండి, రేపు మిర్యాలగూడ అంగడికి దామరచర్ల వైపు తండావాళ్ళు వేటకుక్కలతో వస్తారు, పిడికిట్లో పట్టేంత నడుములట వాటికి, గాలి కంటే ముందు పోతాయట, తొలి బస్సుకు నేను పోతున్నాను, వాటితో పాటు ఉరుకుతూ తీస్తాను, వచ్చేవాళ్ళు రండి, కదలొద్దనే వాళ్ళుంటే ఇప్పుడే అనండి, జవాబు చెబుతాను, నా నోట్లో చక్కెర అయిపోయింది.