ఆవిరి నింద

షితాయె కుండ కింద మరో పిడక తోసి, ముక్కుకి గుడ్డ బిగించుకొని, గాలికి ఎదురువైపు వెళ్ళి నిలబడింది. ఇంట్లో పొయ్యి ఉన్నా గ్వాయా అనే కేసరి పప్పు మాత్రం ముళ్ళకంచె అవతలే ఉడకాలి. రాత్రి నానబోసిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి ఉడికించి, అవీ పారబోసి, మళ్ళీ కడుగుతుంది. నీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు ముడతలు పడ్డాయి. మెడ చుట్టూ పెళ్ళినాటి పచ్చబొట్టు వెలిసి చర్మంలో కలిసిపోయింది. ఉడికిన గింజలు సంతలో అమ్ముతుంది. జనం కొంటారు, తింటారు. పొయ్యి దగ్గరికి మాత్రం ఎవరూ రారు.

దానికో కథ ఉంది. ఆమె కొత్తకోడలుగా వచ్చిన ఏడాది వానలు ఎగ్గొట్టాయి. తమ దెంబియా సీమ నల్లరేగడిలో గ్వాయా తప్ప మరేదీ నిలవలేదు. ఒకనాడు మొగుడు ఇర్దావ్ దున్ని వచ్చి పొయ్యి పక్కన కూలబడ్డాడు. అప్పుడే ఆమె కుండ మూత తీసింది. ఆవిరి గుప్పుమని అతని కాళ్ళ మీదికి కొట్టింది. వారం తిరక్కుండా ఆ కాళ్ళు బిగుసుకుపోయి ఒకదానికొకటి అడ్డం పడసాగాయి. ఆనాటి నుంచి రెండు కర్రల మీదే నడక. "నా కొడుకు కాళ్ళు ఆవిరి చేసింది" అని అత్త పోయేదాకా దెప్పింది. ఊరు తలూపింది. ఇర్దావ్ ఒక్కడే ఆ మాట ఎన్నడూ అనలేదు. కాదనీ అనలేదు. షితాయెను కొరుక్కుతిన్నది ఆ రెండోదే.

ఈ ఏడూ వానలు లేవు. ఆ ఉదయం గోందర్ పట్నం నుంచి డాక్టర్ ఎమెబెట్ వచ్చి, ఆడవాళ్ళని ఆరోగ్య కేంద్రం అరుగు మీద కూర్చోబెట్టింది.

"మన మెదడులో నరాలకి తలుపులుంటాయమ్మా, రిసెప్టర్లంటాం. గ్లుటమేట్ అని మన ఒంట్లోదే ఒకటి, కబురు తెచ్చి తలుపు తడుతుంది. తలుపు తెరుచుకుంటుంది, వెంటనే మూసుకుంటుంది. మనం నడిచినా, ఒక మాట గుర్తుపెట్టుకున్నా దాని చలవే. గ్వాయాలో విషం అచ్చం ఆ కబురు వేషంలోనే వస్తుంది. తలుపు తెరిచి, ఇక మూయనివ్వదు. కాళ్ళని నడిపించే నరం అలిసి అలిసి చచ్చిపోతుంది."

వెనక కూర్చున్న షితాయె ముందుకి వంగింది. "మరి ఆవిరి, తల్లీ?"

"ఏ ఆవిరి?"

పక్కింటి జెనెబెచ్ అందుకుంది. "ఉడికేటప్పుడు వచ్చేదమ్మా! ఈ వదిన మొగుడి కాళ్ళు దానికేగా పోయింది."

డాక్టరు నవ్వబోయి, షితాయె మొహం చూసి ఆగిపోయింది. "ఆవిరిలో ఏమీ లేదమ్మా. విషం గింజలో ఉంది. వేరే తిండి లేక నెలల తరబడి అదే తింటే వస్తుంది. మీ ఇంట్లో మళ్ళీ ఎవరికైనా వచ్చిందా? మీరెలా వండుతారు?"

పిల్లలెవరికీ రాలేదని చెప్పి, షితాయె తన వంట చెప్పింది.

"ఆ పారబోసిన నీళ్ళతోనే చాలా విషం పోయింది. మీ పిల్లలు నడుస్తున్నారంటే అది మీ చేతి చలవే."

ఆమె ఇంటికి వచ్చిన నడక చూడాలి! పట్టపురాణిలా వచ్చింది.

"ఏమయ్యా, విన్నావా? గింజలోనే విషమట, నానబోసి పారబోస్తే పోయేదట. ఆవిరి కాదట!"

"నేనెప్పుడన్నా అన్నానా?"

"కాదనీ అనలేదుగా!"

ఇర్దావ్ తల వంచుకున్నాడు. "ఆ కరువంతా నాగలి వెనక వేయించిన గ్వాయాయే నమిలాను. అమ్మే వేయించి మూటకట్టి ఇచ్చేది" అన్నాడు.

అత్తని తిట్టడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు. షితాయె తిట్టలేదు. "ఆవిడకేం తెలుసు, పాపం. ఇంట్లో ఇంకేముంది పెట్టడానికి?"

అతను కళ్ళు తుడుచుకున్నాడు. "సాయంత్రం కాఫీకి జెనెబెచ్‌ని పిలువు. అందర్నీ పిలువు. ఆ కుండ లోపలికి పట్రా."

వచ్చినవాళ్ళు కుండని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఇర్దావ్ ముక్కాలి పీట ఒకటి పొయ్యి అంచుదాకా ఈడ్చుకొని కూర్చున్నాడు.

"మూత తియ్యవే."

"అన్నా, కాళ్ళు!" అని జెనెబెచ్ కేకపెట్టింది.

"పోవడానికి ఇంకేం మిగిలాయే, ఈ కర్రలేగా!"

షితాయె మూత తీసింది. అతను మోకాళ్ళు కుండకి ఆనించి, మొహం ఆవిరిలోకి వంచాడు. గడ్డం తడిసి నీళ్ళు కారుతుండగా తలెత్తాడు.

"అందరూ వినండి. నా పెళ్ళాం మూత తీసినందుకు నాకేమీ కాలేదు. ఈ మాట ఆనాడే అనాల్సింది. అమ్మకి భయపడి అనలేదు."

షితాయె అందరికీ కాఫీ పోసింది. ఊరంతా చూస్తుండగా మొగుడు తన పక్షాన నిలబడ్డాడని ఆమెకి పట్టరాని గర్వంగా ఉంది.

ఆ తర్వాత ఇర్దావ్ రెండు పంటలు చూశాడు. వానాకాలంలో రొమ్ము పట్టేసి, ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. చావింట పలకరింపుకి వచ్చేవాళ్ళకి పెట్టే గింజలు ఉడికించడానికి వచ్చిన ఆడవాళ్ళు కుండని లోపలే ఎక్కించారు. జెనెబెచ్ తన చేత్తోనే మూత తీసింది. ఎవరూ ముక్కుకి గుడ్డ కట్టుకోలేదు. కూర్చోవడానికి చోటు చాలక కొందరు నిలబడ్డారు గానీ, పొయ్యి అంచున ఉన్న ఆ ముక్కాలి పీట మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు, దాని మీద ఆవిరి సన్నగా చెమరుస్తూనే ఉంది.