నూరు బారల బరువు

తెల్లారితే అక్కకి రెండు పనులు. మంచంలో ఉన్న తమ్ముణ్ణి ఒత్తిగిలించి వీపు తుడవడం, ఆ తర్వాత వెనక షెడ్డులో చేపలు కొయ్యడం. తమ్ముడు ఒకప్పుడు సముద్రంలోకి దిగి, మునిగిపోయిన ఓడల ఇనుము కోసేవాడు. పడవలో తాడు పట్టుకునేది అక్కే. ఒకరోజు గాలి తిరిగేసరికి హడలిపోయి, ఆగి ఆగి లాగాల్సినవాణ్ణి ఒక్క బిగిన పైకి లాగేసింది. లోతులోని నీటి బరువు ఒంటిమీంచి ఒక్కసారిగా పోయేసరికి అతనికి నడుము కింద చచ్చుబడిపోయింది. ఆరేళ్ళుగా ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు.

ఆవేళ ఒడ్డు దగ్గర వలలో నడిసముద్రంలో నూరు బారల లోతున ఉండాల్సిన చేప పడింది. నల్లగా, నోటినిండా పళ్ళతో, అలిగిన వియ్యంకుడిలా ఉంది. అలాంటి చేప తన లోతుని కూడా వెంట తెచ్చుకుంటుంది కదా, షెడ్డులో అందరికీ చెవులు దిబ్బళ్ళు వేశాయి. ప్లాస్టిక్ బుట్టలు సొట్టలు పడ్డాయి.

"దీన్ని తీసుకెళ్ళడానికి చేపల శాఖ ఆఫీసరు ఎల్లుండి వస్తాడట. అందాకా నీ గదిలో పెట్టు. ఇక్కడుంటే పని సాగదు," అన్నాడు మేస్త్రీ.

అక్క దాన్ని ఐసుపెట్టెలో పెట్టి, తమ్ముడు పడుకున్న గదికి ఈడ్చుకెళ్ళి మళ్ళీ పనికొచ్చింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"టీ పెట్టాను. చల్లారిపోయింది," అన్నాడు.

అక్క సంతోషం పట్టలేక భోరున ఏడ్చింది. రెండు రోజులు అతను ఆమెని ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. చేప తెచ్చిన ఆ లోతు బరువుకి ఆమెకి ముక్కులోంచి రక్తం కారేది. తమ్ముడికి తెలియకుండా తుడుచుకునేది.

ఆఫీసరు వ్యాన్ వేసుకొచ్చాడు.

"పెట్టెని రోజుకి రెండడుగులే జరపండి బాబూ. బరువు ఒక్కసారిగా పోతే వీడు బతకడు," అని అక్క కాళ్ళావేళ్ళా పడింది.

ఆఫీసరు మంచివాడే. పెట్టె మూత తీసి చూపించాడు. చేప పొట్ట అప్పుడే మెత్తబడింది.

"ఇక్కడుంచితే రేపటికి కుళ్ళిపోతుందమ్మా. మా దగ్గర కుళ్ళకుండా మందునీళ్ళలో వేస్తాం. ఎలాగైనా బరువు పోయేదే."

తమ్ముడు చొక్కా తొడుక్కున్నాడు. "నేనూ వ్యాన్‌లో వెళ్తానక్కా."

"వద్దురా. నా దగ్గరే ఉండు."

"నీ కళ్ళముందు వద్దు. ఒకసారి చూశావు, చాలు."

పెట్టె తనే ఎత్తుకుని వ్యాన్ దాకా నడిచాడు. పక్కవాళ్ళు అతన్ని ఆరేళ్ళ కిందటిలాగే పలకరించారు.

సాయంత్రం ఆఫీసరు ఫోన్ చేశాడు. చేప మందునీళ్ళలోకి దిగీ దిగగానే తమ్ముడి ప్రాణం పోయిందన్నాడు.

"పడుకునే ఉన్నాడా?" అంది అక్క.

"లేదమ్మా. చేపని మేం దించుతామంటే వినలేదు. నిలబడి, తన చేత్తోనే దించాడు."

అక్క ఫోన్ చెవికి పట్టుకునే వెళ్ళి, గుమ్మంలో తమ్ముడు నిలబడ్డచోట నిలబడింది. అవతల ఆఫీసరు అమ్మా, అమ్మా అని పిలుస్తూనే ఉన్నాడు.