మంచుకు బదులుగా ఇచ్చిన ఆటలు

సాయంత్రం భోజనం కాగానే మా అన్న కనమే ఫోన్లో పాత వీడియో గేముల ధరలు చూస్తాడు. చూసి నిట్టూరుస్తాడు. అమ్మ విననట్టే ముల్లంగి ఊరగాయ కొరుకుతూ ఉంటుంది.

"ఇది చూడు చిహో. అచ్చం నా దగ్గర ఉండేదే. ఇలాంటివి నాలుగు అమ్మితే కారొస్తుంది తెలుసా!"

"ఉన్న కారునే మంచులోంచి తవ్వడానికి నీకు ఓపిక లేదు. ఇంకో కారెందుకురా?" అంది అమ్మ.

అవి రోల్ ప్లేయింగ్ ఆటలు. వీరుడికి మనమే పేరు పెట్టి, ఊరూరా తిప్పి, రాక్షసులతో పోరాడించి, నెలల తరబడి పెంచుకోవాలి. చిన్నప్పుడు కొత్త సంవత్సరానికి పెద్దవాళ్ళిచ్చిన డబ్బంతా అన్న ఆ క్యాసెట్లకే పోసేవాడు. ఒక చలికాలంలో మాత్రం వాటన్నిటినీ పక్కింటి తోషిరో అన్నకి ఇచ్చేశాడు.

ఆ ఏడు కలప కోసే చోట దుంగ మీద పడి నాన్న ఆసుపత్రి పాలయ్యాడు. జపాన్లోని మా నీగాతా కొండల్లో మంచు పట్టిందంటే ఇళ్ళ కప్పులు ఎక్కి తోసెయ్యాలి. లేకపోతే దూలాలు ఆగవు. అది ఒంటరిగా చేసే పని కాదు. ఇవాళ మీ కప్పు, రేపు మా కప్పు. పనికి పనే బదులు. ఎవరైనా డబ్బు ఇవ్వబోతే అవతలివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. మా ఇంట్లో బదులు వెళ్ళేవాళ్ళు లేరు. అమ్మ ఆసుపత్రిలో ఉండేది, నేను ఇంకా బడికి పోని పిల్లని, అన్నకి పదమూడేళ్ళు. ఆ వయసు పిల్లల్ని కప్పు ఎక్కనివ్వరు.

తోషిరో అన్న ఎవరూ పిలవకుండానే పార పట్టుకుని వచ్చాడు. మా అన్న లోపలికి పరిగెత్తి, బియ్యపు చెక్కల రేకు డబ్బాలో క్యాసెట్లన్నీ పేర్చి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. అతను తీసుకున్నాడు. ఆ చలికాలమంతా మా కప్పు మీద మంచు నిలవలేదు.

ఈ జనవరిలో అన్న ఒక ఉపాయం ఆలోచించాడు. తోషిరో అన్న కూతురికి కొత్త గేము మిషన్ కొనిచ్చి, దానికి బదులుగా పాత క్యాసెట్లు అడుగుతాడట.

"వాటి ధర వాళ్ళకి తెలుసా?" అన్నాను.

అన్న ఫోన్ పక్కన పెట్టాడు. "చెప్పే అడుగుతాలే. నువ్వూ రా. ఒక్కడినే వెళ్తే నోరు పెగలదు," అన్నాడు.

మేం వెళ్ళేసరికి తోషిరో అన్న మోకాలికి కట్టుతో, అడుగున వేడి పెట్టి దుప్పటి కప్పిన పొట్టి బల్ల కింద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. వాకిట్లో మంచుగడ్డ మీద జారాడట. వాళ్ళమ్మ ఫుకు బామ్మ టీ పోస్తూ అన్న చేతిలోని పొట్లం చూసింది.

"పిల్లని అడగడానికి వచ్చినవాడిలా ఆ సింగారమేంట్రా? మా మనవరాలికి ఇంకా పదేళ్ళే."

అన్న చెవులు ఎర్రబడ్డాయి. తడబడుతూనే అంతా చెప్పాడు, ధరతో సహా.

"ఓ, ఆ డబ్బానా! అమ్మా, ఎక్కడ పెట్టావ్?" అన్నాడు తోషిరో అన్న.

బామ్మ గోడ అలమరలో దుప్పట్ల వెనక నుంచి డబ్బా తీసింది. క్యాసెట్లన్నీ పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

"బాగా ఆడావా అన్నా? అన్నిటికన్నా ఏది నచ్చింది?" అడిగాడు మా అన్న.

"ఎక్కడాడాన్రా?"

బామ్మ పకపకా నవ్వింది. "మా ఇంట్లో ఆ మిషన్ ఎప్పుడుంది? వీడు టీవీలో వాతావరణం తప్ప ఏం చూస్తాడు?"

అన్న చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. "మరి ఎందుకు తీసుకున్నావ్?"

"తీసుకోకపోతే నిచ్చెన వదిలావా నువ్వు? ఇది తీసుకుంటేనే ఎక్కమని ఒకటే ఏడుపు. నీకు ముక్కు కారుతోంది, నాకు చలి."

"తర్వాతైనా తిరిగి ఇచ్చేయొచ్చుగా?"

"ఇస్తే నీ పరువు ఏం కాను? ఆ ఏడు ఇంటికి పెద్దవాడివి నువ్వే. ఎప్పుడో నువ్వే అడుగుతావులే అనుకున్నా. పట్టుకుపో. కారు కొనుక్కుంటావో ఏం చేసుకుంటావో నీ ఇష్టం. ఆ కొత్త మిషన్ కూడా పట్టుకుపో. అదిక్కడుంటే మా పిల్ల చదువు అటకెక్కుతుంది."

అన్న డబ్బాని ఒళ్ళో పెట్టుకున్నాడు. మూత మీద చెయ్యి వేశాడు గానీ తెరవలేదు. అతని చూపు కిటికీలోంచి బయటికి పోయింది. వాళ్ళ చూరు మీంచి మంచు మనిషెత్తున వేలాడుతోంది.

"మీ కప్పు ఎవరు చూస్తున్నారన్నా?"

బామ్మే చెప్పింది. "ఎవర్నీ పిలవనివ్వడు. ఈ కాలితో బదులు చెయ్యలేడుగా, సిగ్గు. రాత్రుళ్ళు దూలాలు కిర్రుమంటుంటే నాకు నిద్ర పట్టదు."

"అమ్మా, ఊరుకో."

అన్న లేచి నిలబడ్డాడు. "ఈ డబ్బా నేను తీసుకుంటే, ఆ ఏడు మా కప్పుకి నేనేమీ ఇవ్వనట్టేగా?"

"లెక్కలు మొదలుపెట్టకు. పట్టుకుపొమ్మన్నానుగా."

"పట్టుకుపోతా. అప్పుడేగా మీ కప్పు నాకు దక్కేది! చలికాలం అయ్యేదాకా అది నాది."

తోషిరో అన్న తల వంచుకుని కట్టు సవరించుకున్నాడు. "నిచ్చెన కొట్టుగది వెనకుంది," అన్నాడు మెల్లగా.

నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. అన్న నడుముకి తాడు కట్టుకుని పైకెక్కాడు. పార దిగిన ప్రతిసారీ మంచు పెద్ద పెద్ద దిమ్మలుగా వెనక పెరట్లో పడుతోంది. ఫుకు బామ్మ తలకి తుండు చుట్టుకుని వాకిట్లోకి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

"ఒరే కనమే! ఆ ఉత్తరం మూల వదిలేశావ్! మావాడు మీ మూలలు ఇలాగే వదిలాడా?"

పార చప్పుడు ఆగింది.

"లేదు బామ్మా," అన్నాడు అన్న పైనుంచి, ఊరంతా వినేంత గట్టిగా. "ఒక్క మూల కూడా వదల్లేదు!"

తాడు సడలించుకుని ఆ మూలకి నడిచాడు.