రెండో నంబరు పంపుకి పట్టిన తుప్పు

ఒకసారి లోకం అంతమైపోతుంటే ఈ కుడిచేత్తో ఆపాను. నవ్వండి, నవ్వండి. నీళ్ల పంపుల షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్లు నలిగిన చెయ్యి ఇది.

నూరేళ్ల తర్వాత భూమ్మీద నీటిచుక్క లేకుండా పోతే మనుషులు ఎలా అల్లాడతారో చూపించే సినిమా అట. పాడుబడ్డ చోటు కోసం ఊళ్లన్నీ వెతికి వెతికి చివరికి మా షెడ్డుకొచ్చారు. నాకు అక్కడే మండింది. మా రెండో నంబరు పంపులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. అలాంటిదాన్ని పాడుకొంప అంటారా!

"పాడుగా లేకపోతే మేం పాడుచేస్తాంలే పెద్దాయనా," అన్నాడు వాళ్ల రంగులాయన. తుప్పు మేస్త్రి అని పేరు పెట్టాన్నేను. సాయంత్రానికల్లా రంపపు పొట్టు, ఇటుక పొడి, ఏవేవో రంగులు కలిపి పూసి, నా పంపుని పాతాళంలోంచి తవ్వితీసినట్టు తయారుచేసి పోయాడు.

మర్నాడు పొద్దున డ్యూటీ ఎక్కగానే కిరసనాయిలు గుడ్డతో మొత్తం తుడిచేశాను. కావాలని కాదండీ. పొద్దున్నే పంపు తుడవందే నా చెయ్యి ఊరుకోదు.

తుప్పు మేస్త్రి వచ్చి లబోదిబోమన్నాడు. మళ్లీ పూశాడు. మర్నాడు మళ్లీ తుడిచాను.

"నీకు దణ్ణం పెడతాను తాతా, ఇంక ఆ గుడ్డ ముట్టుకోకు!"

"నేను ముట్టుకోనయ్యా, చెయ్యే..."

"ఆ చెయ్యి జేబులో పెట్టుకో!"

మూడోరోజు జేబులోనే పెట్టుకున్నాను. సరిగ్గా ఆ రోజే దిగాడు మా ఇంజనీరు, ఏ పంపు ఉంచాలో ఏది పాత ఇనుము కింద తోలెయ్యాలో తేల్చడానికి. రెండో నంబరు పోయిందంటే మా వీధితో కలిపి నాలుగు వీధులకి కుళాయిలుంటాయి గాని నీళ్లుండవు.

"ఇదేంటయ్యా, ఇంత తుప్పు?"

"రంగండీ. తుడిస్తే పోతుంది."

రుద్దాను. పోలేదు. గట్టిగా రుద్దాను. భుజం పట్టేసింది గాని ఒక్క పెళ్ల ఊడలేదు. నా పోరు పడలేక ఆ తుప్పు మేస్త్రి మహానుభావుడు ఈసారి పైన ఏదో మొండి వార్నిషు కొట్టాడట!

"పోనీ నడిపి చూపించు," అన్నాడు ఇంజనీరు.

స్విచ్చు వైపు అడుగేస్తే సినిమావాళ్లు నలుగురు అడ్డంపడ్డారు. "ష్! షాటు నడుస్తోంది." రోజుకి రెండు గంటలే పంపు ఆపుతామని చెప్పినవాళ్లు, మూడు రోజులుగా ఆపే ఉంచారు.

"నడుస్తుందండీ. వీళ్లే నడపనివ్వడం లేదు," అన్నాను గుసగుసగా.

"నడవని ప్రతి పంపుకీ ఇలాంటి కథ ఒకటుంటుంది. బాగుంటే సినిమావాళ్లు ఇక్కడికెందుకొస్తారయ్యా?" అంటూ కాగితం మీద 'పనికిరాదు' అని రాసేశాడు.

నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. అవతల హీరో మా పంపు నీళ్లు పడే తొట్టి ఎండిపోయి ఉంటే దాని ముందు మోకాళ్ల మీద కూలబడి, "ఒక్క చుక్క... ఒక్క చుక్క..." అని ఏడుస్తున్నాడు. అదిగో, అప్పుడే నేను...

సరే, నేను కాదు. ఆ కుడిచెయ్యి మా ఆవిడది. మూడు రోజులుగా కుళాయి రాక, ఖాళీ బకెట్టు పట్టుకుని నన్ను దులిపెయ్యడానికి వచ్చింది. "ఆ అబ్బాయి నీళ్లకోసం అంతలా ఏడుస్తుంటే గుడ్లప్పగించి చూస్తారేం?" అని బకెట్టు ఆడించుకుంటూ నలుగురి మధ్యనుంచీ దూసుకెళ్లి స్విచ్చు నొక్కింది.

పంపు గుర్రుమని లేచింది. తొట్టిలోకి నీళ్లు ఎంత జోరుగా దూకాయంటే హీరో విగ్గు ఎగిరెళ్లి ఇంజనీరు కాగితాల మీద పడింది. డైరెక్టరు నెత్తి బాదుకున్నాడు. మా ఆవిడ బకెట్టు నింపుకుని తన దారిన తను వెళ్లిపోయింది.

ఇంజనీరు 'పనికిరాదు' కొట్టేసి, 'పనిచేయుచున్నది. చూచుటకు బాగులేదు. వెంటనే శుభ్రము చేయవలెను' అని రాశాడు.

శుభ్రం చెయ్యడానికి ఇంకెవరున్నారు, నేనేగా! రిటైరై ఏడాదయినా పొద్దున్నే వెళ్లి రుద్దుతున్నాను. ఆ వార్నిషు వదిలి చావదు. పైగా సినిమా చూసినవాళ్లు వెతుక్కుంటూ వచ్చి, "లోకం అంతమైంది ఇక్కడేనా తాతా?" అని ఫొటోలు దిగుతారు. కాస్త జరగండి బాబూ, తుడుచుకోవాలి అంటే, "అయ్యో, తుడవకండి!" అంటారు. పళ్లు కొరుక్కుంటూ వాళ్లు పోయేదాకా నిలబడతాను, గుడ్డ పట్టుకుని.

విగ్గు సంగతి మాత్రం నేను కల్పించిందే. హీరో జుట్టు సొంతదే. ఇంజనీరు కాగితాల మీద పడింది నాలుగు నీటి చుక్కలు.