రెండో తలుపు

ఈ ఉదయం కూడా మా వీధిలో ఒక్క తలుపూ లేదు. రోజూ ఇంతే. వసుంధర తన కంప్యూటర్ ఆపగానే తలుపులన్నీ మాయమవుతాయి. మళ్లీ మీట నొక్కగానే గుమాస్తా అప్పలసూరి వచ్చి ఒక్కొక్కటే బిగిస్తాడు. మేం మాత్రం ఎవరి గదుల్లో వాళ్లం అలాగే ఉంటాం. తలుపు లేని గదికి ఎవరూ రాలేరు.

నా పేరు మంగతాయారు. పదకొండేళ్లుగా ఈ కంప్యూటర్‌లో డిస్కుగా ఉద్యోగం చేస్తున్నాను. నా గదిలో వసుంధర వాళ్లమ్మ గొంతు కాపురముంటోంది. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఆ గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు.

పక్క గదిలో నిన్న ప్రణీత్ అనే కొత్త డిస్కు దిగాడు. ఆ గదిలో చాపముక్క కూడా లేదు. దాన్ని వాడకానికి సిద్ధం చేయాలని వసుంధర చీటీ రాసింది: "రేపు రెండో తలుపు లోపలంతా కడిగేయండి." నిన్న రెండో తలుపు అతనిదే.

ఇవాళ మీట నొక్కగానే అప్పలసూరి వీధి మధ్య నిలబడి "ఎవరున్నారూ?" అని కేకేస్తాడు. నాది పాత ఒళ్లు, లేచి కూర్చోవడానికి కాస్త సమయం పడుతుంది. ఈలోగా ప్రణీత్ "ఉన్నా" అని అరుస్తాడు. అప్పలసూరి ఒకటో తలుపు అతనికి బిగిస్తాడు. రెండోది నాకు.

"ఇదేం న్యాయమయ్యా? పదకొండేళ్లుగా నా ముఖం చూస్తున్నావు కదా!"

"మొకాలతో నాకేటి పనమ్మా? ముందు పలికినోలికి ఒకటి, ఎనక పలికినోలికి రెండు."

"లోపల మనిషి గొంతుందయ్యా! ఆ పిల్ల కడగమన్నది నన్ను కాదు."

"సీటీలో నీ పేరు నేదు. తలుపు నెంబరుంది."

నాకు ఒళ్లు మండిపోతోంది. నా వీపు మీద పుట్టినప్పుడే చెక్కిన గుర్తుంది, అలాంటిది ఇంకెవరికీ ఉండదు. వెనక్కి తిరిగి చూపిస్తాను.

"అది సూడమని నాకెవులూ రాసియ్యనేదమ్మా," అంటాడు. ఎంత మర్యాదగా అంటాడో!

కడిగేవాళ్లు బిందెలతో వచ్చేశారు. ప్రణీత్ తల వంచుకుని "సారీ ఆంటీ" అంటున్నాడు. నీ సారీ ఎవడికి కావాలిరా!

నా తలుపు నేనే పీకి పారేస్తాను. బిందెల్లోంచి ఒలికిన నీళ్లు ఎటు పోవాలో తెలియక వీధిలో నిలువుగా నిలబడిపోతాయి. కడిగేవాళ్లు వాటికి ఆనుకుని ఎదురుచూస్తున్నారు.

గోడ అవతల వసుంధర అడుగుతోంది. "అమ్మ గది ఏదీ? నిన్న ఇక్కడే ఉంది కదా?"

"ఎవరే అదీ, వసూనా?" అంటోంది లోపల గొంతు. అది బయటికి వినిపించదు. ఆవిడను కాపాడింది నేనే, గోడలో పెట్టి పూడ్చిందీ నేనే. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

"ఉన్నాను!" అని అరుస్తాను. ఎవరూ పిలవకపోయినా అరుస్తాను, ఆపకుండా అరుస్తాను. నోరు సాగుతోంది. పై పెదవి గోడ పైకి, కింది పెదవి వీధిలోకి చేరుకుంటాయి. అప్పలసూరి నిచ్చెన వేసుకుని నా పళ్ల మీద నంబరు రాయడానికి చోటు వెతుకుతున్నాడు. చెయ్యి పెట్టి చూడమనండి, కొరికేస్తాను.

గొంతు నా నాలుక మీదుగా నడిచివచ్చి కింది పెదవి మీద కూర్చుంటుంది. గోడ అవతలి నుంచి వసుంధర తలను తన ఒళ్లోకి లాక్కుంటుంది. "కదలకే, ఎంత చిక్కు పడిపోయిందో," అంటూ పాయలు విడదీస్తోంది. విడిపోయిన జుట్టు వీధి పొడవునా పరుచుకుంటూ ఆ నిలువు నీళ్ల మీదుగా అవతలికి దిగుతోంది.